ఎక్కేటప్పుడు సున్న, దిగేటప్పుడు సున్న

మొన్న చిత్తూరు రైతుబజారులో బీన్సు తూకం వేయించుకుంటూ, నాకు తెలియకుండానే "ముందు సున్న చూపించప్పా" అనేశాను. కూరగాయలాయన చేతిలో బీన్సు చేతిలోనే ఉంచుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"పావుకిలో బీన్సుకు సున్న యెందుకక్కా?"

నాకు నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. మా ఇంటికి ఎదురుగా అంగడి పెట్టుకున్న ఒక బంగారుపని పెద్దాయనది. ఇరవై ఏళ్లు ఆయన నా కళ్లెదుటే ఉన్నాడు. బడికి వెళ్తూ వస్తూ ఒక నమస్కారం పడేయడం తప్ప నేనాయన్ని పట్టించుకున్నది లేదు. మా ఇద్దరికీ పరిచయం చేసింది ఒక జంతువు.

మా మేడమీద అద్దెకున్నవాళ్లు బదిలీ మీద వెళ్తూ, "రెండు నెలల్లో వచ్చి తీసుకుపోతాం టీచర్" అని ఒక పంజరం నాకు అప్పజెప్పి పోయారు. ఆ రెండు నెలలు ఇప్పటికి నాలుగేళ్లయ్యాయి. పంజరంలో ఉన్నది గినీపిగ్. పేరులో పంది ఉంది గానీ అది పంది కాదు, ఎలుక జాతిది. జానెడు పొడుగు, తోక లేదు, ఆకలేస్తే ఈలేస్తుంది. వాళ్లు దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు. ఆ పేరుతో నేను పిలిస్తే అది ఒక్కనాడూ పలకలేదు. ఎండపొడ పడేచోట నేలకు అతుక్కుని పడుకుంటే అచ్చం నేతిలో కాల్చిన ఓళిగలా, అదే బొబ్బట్టులా ఉండేది. అందుకని ఓళిగ అన్నాను. దానికీ పలకలేదనుకోండి, కానీ నాకు నచ్చింది.

ముద్దు చేసి దాన్ని పాడు చేసింది నేనే. బ్రెడ్డు పెట్టాను, ఉడికించిన క్యారెట్ పెట్టాను, పెరుగన్నం కూడా కలిపి పెట్టాను. ఒకరోజు చూస్తే గడ్డం కింద తడి, నోట్లోంచి చొంగ. తిండి దగ్గరకు పోతుంది, నోట్లో పెట్టుకుంటుంది, వదిలేస్తుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందనుకుంటూ పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు నిజాయితీపరుడు. "అమ్మా, నాకు ఆవులు తెలుసు, గొర్రెలు తెలుసు, కోళ్లు తెలుసు. దీన్ని తిరుపతికి తీసుకుపోండి" అన్నాడు.

బుట్టలో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు బుట్ట వైపు అనుమానంగా చూశాడు.

"ఏముండాదక్కా దాంట్లో?"

"గినీపిగ్."

"పందా? పందిని బస్సులో ఎక్కించగూడదక్కా."

"పంది కాదయ్యా, ఎలుక లాంటిది."

"ఎలకైతే ఇంగా గూడదు."

చంద్రగిరి దాటేదాకా మా వాదన సాగింది. తిరుపతిలో డాక్టరు చిన్నవయసు అమ్మాయి. ఓళిగ నోరు తెరిచి లోపలికి లైటు వేసి చూసి, వెనకపళ్లు పెరిగి బుగ్గలో గుచ్చుకుంటున్నాయని చెప్పింది. వీటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలితే అరుగుతాయి. మెత్తని తిండి పెడితే పెరిగి నోటినే కోస్తాయి. పళ్లు కత్తిరించి, ఆరు వారాలకోసారి రమ్మంది.

"ఇంకో మాటమ్మా. ఇవి జబ్బును దాచుకుంటాయి. తింటున్నట్టే ఉంటాయి, కానీ లోపల ఏమీ పోదు. రోజూ ఒకే వేళకు తూకం చూడండి. యాభై గ్రాములు తగ్గిందంటే ఆలోచించకుండా బస్సెక్కేయండి."

ఓళిగ ప్రాణం అలా గ్రాముల మీద పడింది. వంటింటి ప్లాస్టిక్ తూకం మిషను ఒకటి తెప్పించాను. ఓళిగను మూడుసార్లు పెడితే మూడు లెక్కలు చూపించింది. ఏది నమ్మాలో తెలియక ఆ మిషను పట్టుకుని ఎదురంగడికి పోయాను.

పెద్దాయన దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. "ఇది తాసు గాదమ్మణ్ణీ, బొమ్మ. ఏం తూయాల నువ్వు?"

చెప్పాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.

"పందికొక్కునా?"

"పందికొక్కు కాదు పెద్నాయనా..."

"సరే, తీసుకరా. బంగారానికి పని ల్యాకుండా పొయ్యింది. కొక్కునన్నా తూద్దాం."

ఆ రోజుల్లో ఆయనకు నిజంగానే పని లేదు. జనమంతా పెద్ద షోరూములకు పోతున్నారు. ఊడిన కమ్మలకు మర బిగించడం, పసిపిల్లల వెండి మొలతాళ్లు అతకడం, అంతే. అయినా పొద్దున ఎనిమిదికల్లా స్నానం చేసి విభూతి పెట్టుకుని పరుపు మీద కూర్చునేవాడు. ఎదురుగా చిన్న గాజుపెట్టె, దాని పక్కన వెండి తూచే పెద్ద ఎలక్ట్రానిక్ త్రాసు. ఎడమచేతికి సాదా ఉంగరం. పెళ్లికి తనే చేసుకున్నాడట, సరిగ్గా ఒక సవర, ఎనిమిది గ్రాములు. "నలభై ఏండ్లాయ. సబ్బు బెట్టి లాగినా రాదు" అని వేలు తిప్పి గొప్పగా చూపించేవాడు.

ఆయన తూకం వేయడం ఒక పూజ. ముందు పసుపుగుడ్డతో పళ్లెం తుడుస్తాడు. ఓళిగకోసం తెచ్చిన చిన్న వెదురుతట్టలో పిడికెడు గడ్డి పరిచి పళ్లెం మీద పెడతాడు. మీట నొక్కుతాడు. అంకెలన్నీ సున్న అవుతాయి. అప్పుడు త్రాసును నా వైపుకు తిప్పుతాడు.

"ముందు సున్న సూడు."

"చూశాను, పెట్టు పెద్నాయనా."

"సూళ్లేదు నువ్వు. గోడ మీది క్యాలెండరు సూసినావు. సున్న సూడు."

నేను చూసి తల ఊపేదాకా ఓళిగను ముట్టుకునేవాడు కాదు. తర్వాత ఊపిరి బిగబట్టి దాన్ని తట్టలో దించేవాడు. అంకె నిలబడేదాకా ఆయనా నేనూ ఎవరమూ మాట్లాడకూడదు. ఈలోగా ఓళిగ ఈలేస్తే దాన్నీ కసిరేవాడు. అంకె చెప్పి, దాన్ని తీసి నా చేతిలో పెట్టి, మళ్లీ త్రాసు చూసేవాడు. ఓళిగ ఎప్పుడూ తట్టలో నాలుగు నల్లటి గింజలు వదిలిపోయేది. వాటిని ఆయన దక్షిణ అనేవాడు. పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి అవతల పారేసి, సున్న మళ్లీ వచ్చేదాకా చూసేవాడు.

"దిగినాక గూడా సున్న ఎందుకు?" అని ఒకసారి విసుక్కున్నాను. బడికి ఆలస్యమవుతోంది.

"కంసాలి తన తల్లి ముక్కుపుల్లలో గూడా ఇంత గీరుకుంటాడని లోకమంతా అనె. మా నాయన దానికే నేర్పిచ్చినాడు. ఎక్కేటప్పుడు ఖాళీ పళ్లెం సూపీ, దిగేటప్పుడు ఖాళీ పళ్లెం సూపీ. మధ్యలో ఏం జరిగినా ఆ రెండు సున్నలూ సాక్ష్యం చెప్తాయి అనేవాడు."

'సుమారు' అనే మాటంటే ఆయనకు గిట్టేది కాదు. సుమారు తొమ్మిది వందల ముప్పై అన్నానంటే చాలు, "సుమారంటే తెలీదని అర్థం" అనేవాడు. పెళ్లి భోజనానికి సుమారు మూడొందల మంది వచ్చారని ఎవరైనా చెబితే, నువ్వు లెక్కపెట్టలేదని చెప్పు చాలు అని వాళ్లను అక్కడికక్కడే ఆపేవాడు. ఆయనతో మాట్లాడాలంటే వచ్చినవాళ్లు ఆచితూచి మాట్లాడేవాళ్లు, పాపం.

కన్ను కూడా అలాంటిదే. నగ చూసే భూతద్దం కంటికి పెట్టుకుని ఒకరోజు ఓళిగ ముందుపళ్లు చూశాడు. "వంకరగా అరిగినాయి అమ్మణ్ణీ. కుడిపక్క వాడతా ల్యా. ఎడమపక్కే నమలతాండాది" అన్నాడు. ఆరు వారాల గడువు ఇంకా రాలేదు, తూకమూ పెద్దగా తగ్గలేదు. అయినా ఆయన పోరు పడలేక తిరుపతికి తీసుకెళ్లాను. కుడివైపు వెనకపన్ను నాలుక మీదికి పెరుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. "ఎలా కనిపెట్టారు?" అని నన్ను మెచ్చుకుంది. నేను మెప్పు తీసుకుని మాట్లాడకుండా వచ్చేశాను. ఆ సంగతి పెద్దాయనకు చెబితే, "పోన్లే, బరువు నువ్వు మోసినావు గదా" అన్నాడు.

ఇంతటి మనిషీ ఒకసారి తప్పు చేశాడు.

అరవ లెక్కలో పెరటాసి నెల. మా వైపు ఆ నెల శనివారాలంటే ఇల్లిల్లూ ఒక్కపొద్దులే. పెద్దాయన ఆ రోజుల్లో మధ్యాహ్నందాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఆ శనివారం ఓళిగకు కడుపు పాడై పలచగా పోయింది. నేను ఆదుర్దాగా బుట్ట పట్టుకుని వెళితే ఆయన నెమ్మదిగా నవ్వాడు.

"దీనికి ఆస్పత్రి యాలమ్మా? లంఖణం పరమౌషధం. రేపు పొద్దన దాకా ఏమీ బెట్టొద్దు. కడుపు ఖాళీ అయితే అదే సర్దుకుంటాది."

మా అమ్మ నాకు చేసిందీ అదే, మా అవ్వ మా అమ్మకు చేసిందీ అదే. అది తప్పని నాకెందుకు తోస్తుంది? పంజరంలోంచి గడ్డి అంతా తీసేశాను. సాయంత్రందాకా ఓళిగ ఈలేస్తూనే ఉంది. మనసు పీకుతున్నా, మంచికేలే అనుకున్నాను. తెల్లారి చూస్తే ఈల లేదు. మూలన ముడుచుకుని, ఒంటిమీద వెంట్రుకలు లేపుకుని కూర్చుంది.

ఆయన సున్న చూపించి తట్టలో దించాడు. యాభై రెండు గ్రాములు తగ్గింది. దాన్ని తీసి, పళ్లెం తుడిచి, సున్న చూసి మళ్లీ పెట్టాడు. అదే అంకె. మూడోసారీ అదే. ఆయన మొహం నల్లబడిపోయింది.

"తాసుది తప్పు గాదమ్మణ్ణీ. నాది."

అంగడి తలుపులు లాగేసి, చొక్కా వేసుకుని నాతోపాటు బస్టాండుకు వచ్చేశాడు. తిరుపతి చేరేదాకా బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారమైనా డాక్టరమ్మ ఉంది, మా అదృష్టం. ఓళిగ పొట్ట నొక్కి చూసి, చెవికి గొట్టం పెట్టుకుని విని, కోపంగా తలెత్తింది. "దీని పేగులు ఎప్పుడూ ఆడుతూ ఉండాలి. ఒక్క పూట ఖాళీగా ఉంచినా ఆగిపోతాయి. తిండి ఆపమని ఎవరు చెప్పారు మీకు?"

నేను నా మీద వేసుకుందామని నోరు తెరిచేలోపల, పక్కన పెద్దాయన చెయ్యెత్తాడు. తప్పు ఒప్పుకునే బడిపిల్లలను రోజూ చూసేదాన్ని, అంత నిటారుగా ఎత్తిన చెయ్యి నేనెప్పుడూ చూడలేదు.

"నేను మేడమ్."

ఆమె కోపం సగంలోనే ఆగిపోయింది. ఇంజెక్షన్ ఇచ్చింది. గడ్డిపొడి నీళ్లలో నానబెట్టి, సూది లేని సిరంజితో రెండు గంటలకోసారి నోటి పక్కనుంచి చుక్కచుక్కగా పోయాలంది. ఎక్కువ పోస్తే ఊపిరాడక పోతుందట, తక్కువ పోస్తే ఆకలికి పోతుందట. బతుకుతుందా అని అడిగితే, "మీ చేతిలో ఉంది" అంది.

మా చేతిలో కాదు, ఆయన చేతిలో ఉండింది. నాకు బడి. మా ఆయన మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోతే చీకటి పడ్డాకే వచ్చేది. పగలంతా ఓళిగ ఆ పెద్దాయన ఒళ్లోనే. ముక్కుపుడకలో రాయి పొదిగే వేళ్లు కదా అవి. బొటనవేలితో దాని దవడ నిమురుతూ, ఒక చుక్క పోసి, అది మింగేదాకా కాచుకుని, ఇంకో చుక్క పోసేవాడు. అంగడికి ఎవరన్నా వస్తే, "ఉండండప్పా, బిడ్డకు పాలు పోస్తాండా" అనేవాడు. మొదటిరోజు తూకం మారలేదు. రెండోరోజు మూడు గ్రాములు పెరిగింది. మూడోరోజు సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి వీధి మొదట్లోకే ఈల వినబడింది. నేను ఆ రోడ్డు మీదే నిలబడి ఏడ్చేశాను, సిగ్గేమీ లేకుండా.

పాత తూకానికి వచ్చిన రోజు ఆయన మొక్కు బయటపెట్టాడు. కొండమీద పిల్లలకు తులాభారం వేయిస్తారు కదా, అలాగే ఓళిగ ఎత్తు పటికబెల్లం మొక్కుకున్నాడట. దాన్ని కొండకు తీసుకుపోలేం కాబట్టి తన త్రాసు మీదే తూచాడు. తొమ్మిది వందల ముప్పై ఎనిమిది గ్రాములు. చివరి పలుకు ఒకటి సుత్తితో రెండుసార్లు చిదిపి సరిచేశాడు. ఆ మూట పట్టుకుని శ్రీవారి మెట్టు దగ్గర మెట్లెక్కి పోయాడు, మోకాళ్ల నొప్పులతో. తిరిగొచ్చాక ఎలా జరిగిందని అడిగాను.

"ఎవురికని అడిగినారు ఆడ. ఇంట్లో బిడ్డకని చెప్పినా. అబద్ధమా?"

"కాదులే పెద్నాయనా."

ఇది జరిగిన నాలుగైదు నెలలకు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక పొద్దున మామూలుగానే బుట్టతో వెళ్లాను. సున్న చూశాను. ఆయన ఓళిగను తట్టలో దించాడు, అంకె చెప్పాడు, తీసి నాకిచ్చాడు. త్రాసు వైపు చూస్తే సున్న రాలేదు. ఎనిమిది అని ఉంది.

"ఎనిమిది గ్రాముల దక్షిణా! ఏం బెట్టినావు దీనికి?" అంటూ పట్టకారుతో గడ్డి కదిపాడు.

గడ్డి కింద ఉంగరం మెరిసింది.

ఇద్దరం ఆయన ఎడమచేతి వైపు చూశాం. ఉంగరం ఉండే చోట తెల్లటి చార, దాని చుట్టూ ముడతలు పడ్డ తోలు. సబ్బు పెట్టినా రాదన్న ఉంగరం ఓళిగను దించుతుంటే తనంతట తానే జారిపోయింది. అప్పుడు చూశాను ఆయన్ని. మెడ దగ్గర చొక్కా వేలాడుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. రోజూ పొద్దున ఆ మనిషి ఎదురుగా కూర్చుని నేను అంకెలు మాత్రమే చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఎన్నాళ్లయింది పెద్నాయనా నువ్వు సరిగా తిని?"

"ఏం ల్యా. కడుపులో మంట. తింటే నొస్తాంది. దానికే నాలుగు దినాలు తినడం, నాలుగు దినాలు..."

"లంఖణమా?"

ఆయన పసుపుగుడ్డ తీసుకుని ఉంగరాన్ని తుడవసాగాడు.

చెయ్యి పట్టుకుని పక్కనున్న బియ్యం అంగడికి లాక్కుపోయాను. మూటలు తూచే కాటా మీదికి ఎక్కమన్నాను. ఆయన ఎక్కలేదు. వంగి, అంకెల పెట్టె మీది బియ్యపు దుమ్ము వేలితో తుడిచి, సున్న ఉందో లేదో చూసుకుని అప్పుడెక్కాడు. నలభై తొమ్మిది. ఆయన తన తూకమెప్పుడూ అరవై అని చెప్పుకునేవాడు. కాటా మీద నిలబడే ఆ అంకెను కాసేపు చూశాడు.

"పదకొండు కేజీలు" అన్నాడు మెల్లగా. "ఆ కొక్కు యాభై గ్రాములు తగ్గితేనే బస్సెక్కినావు గదమ్మణ్ణీ."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. లెక్క చెప్పాడంతే. కానీ ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బడికి సెలవు చెప్పేశాను. ఎదురింటి పెద్దమ్మను, అంటే ఆయన భార్యను, ఆయన్ను వెంటబెట్టుకుని అదే తిరుపతి బస్సెక్కాను. ఓళిగ పళ్లు చూపించే గడువు కూడా దగ్గర పడింది కనక బుట్ట కూడా ఎక్కింది. కండక్టరు ఈసారి నన్ను గుర్తుపట్టాడు.

"ఈపొద్దు ఎవురికక్కా బాగల్యా?"

"ఇద్దరికీ" అన్నాను.

ఆస్పత్రిలో గొట్టం వేసి చూసి, పొట్టలో పుండు అన్నారు. నేను భయపడ్డ జబ్బు కాదు. మందులు రాసి, పెద్ద డాక్టరు ఒకే ఒక మాట గట్టిగా చెప్పాడు. "కడుపు ఖాళీగా పెట్టకండి. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి."

పెద్దాయన నా వైపు తిరిగాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనకూ నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. మేమెందుకు నవ్వుతున్నామో ఆ డాక్టరుకు తెలియదు, పాపం.

ఆ వేసవంతా రెండు గంటలకోసారి పెద్దమ్మ రాగిజావో మజ్జిగన్నమో గిన్నెలో తెచ్చేది. నేను ఇంట్లో ఉంటే కిటికీలోంచి "తిన్నావా పెద్నాయనా?" అని అరిచేదాన్ని. "సుమారుగా" అనేవాడు, నన్ను ఉడికించడానికే. తర్వాత నగరిలో ఉన్న కూతురు వచ్చి, ఇక ఒంటరిగా ఉండొద్దని ఇద్దర్నీ తీసుకెళ్లింది. వాళ్లది మరమగ్గాల ఇల్లు. వెళ్లేరోజు ఆయన త్రాసు తెచ్చి మా ఇంట్లో కిటికీ పక్కన బల్ల మీద పెట్టాడు, పసుపుగుడ్డతో సహా. సమంగా ఉందా లేదా అని నాలుగు వైపులా వంగి చూశాడు. ఉంగరాన్ని మాత్రం అగ్గిపెట్టెలో దూది మీద పెట్టుకుని జేబులో వేసుకున్నాడు.

ఓళిగ పళ్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. ఆరు వారాలకోసారి మా తిరుపతి ప్రయాణం తప్పదు, ఆ కండక్టరూ తప్పడు. రోజూ పొద్దున తట్ట పెడతాను, మీట నొక్కుతాను, చూసేవాళ్లెవరూ లేకపోయినా త్రాసు ఒకసారి అటు తిప్పి ఇటు తిప్పుతాను. శనివారం పొద్దున నగరినుంచి ఫోను వస్తుంది. ముందు ఓళిగ అంకె నేను చెప్పాలి. తర్వాత ఆయన అంకె ఆయన చెప్తాడు. అల్లుడి నూలు కాటా మీద ఆయన ఎక్కుతాడట.

రైతుబజారులో బీన్సు కొన్న ఆ శనివారం కూడా ఫోను చేశాడు.

"తొమ్మిది వందల నలభై ఒకటి" అన్నాను. "నువ్వెంత?"

"అరవై కేజీల రెండొందలు."

"సున్న చూశావా?"

"ఎక్కేటప్పుడూ సూసినా, దిగేటప్పుడూ సూసినా." వెనక మగ్గాల చప్పుడు వినబడుతోంది. "ఇంగోటి జెప్పల్ల నీకు. పొద్దన్నుంచీ సబ్బు బెట్టి లాగతానే ఉండా అమ్మణ్ణీ. రాలా."